సంక్రాంతి మూడు రోజులూ రాత్రి భోజనం ఎనిమిదికల్లా ముగించాలా?

కోనసీమ అల్లుడు:
పండగకి అత్తారింటికి వెళ్తే నాకు నిద్ర కరువే. పగలంతా అరిసెలు, సున్నుండలు, జంతికలు. రాత్రి పదిన్నరకి వడ్డన, పదకొండుకి పడక, ఒంటిగంటకి గుండెల్లో మంట. భోగి నాడైతే మంట వెయ్యాలని నాలుగింటికే లేపేస్తారు. ఈసారి రాత్రి భోజనాలు ఎనిమిదికల్లా అయిపోవాలని ముందే చెబుదామనుకుంటున్నాను. అల్లుడు అలా అడగడం బాగోదని మా ఆవిడ అంటోంది. మీరేమంటారు?

పాలకొల్లు పెద్దన్న:
అడగకండి బావగారూ. హైదరాబాద్, బెంగళూరు నుంచి పిల్లలు దిగేదే రాత్రికి. అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినడం ఏడాదికి ఆ మూడు రోజులే. టైము చూసుకుని తినేది పండగ భోజనమా? నిద్ర తక్కువైతే మధ్యాహ్నం పడుకోవచ్చు. మా తాతలు ఇవే అరిసెలు, ఇవే గారెలు తిని హాయిగా నిద్రపోయారు.

రాత్రి డ్యూటీ:
పెద్దన్నగారూ, తాతలు తిన్నమాట నిజమే. కానీ కరెంటు లేని రోజుల్లో దీపం పెట్టగానే తినేసేవారు. నేను ఆసుపత్రిలో నర్సుని. పండగ వారంలో గుండెపోటేమోనన్న భయంతో అర్ధరాత్రి వచ్చేవాళ్ళు ఉంటారు. కొందరికి ఈసీజీ తీశాక అది ఆమ్లం పైకి తన్నడమేనని తేలుతుంది. (అలాగని నొప్పి వస్తే ఇంట్లో కూర్చోకండి, వచ్చి చూపించుకోండి.) నూనె, నెయ్యి ఎక్కువున్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. నిండు కడుపుతో పడుకుంటే ఆమ్లం గొంతు దాకా వస్తుంది. అందుకే తిండికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలంటాం. గడియారంలో ఎనిమిదా, తొమ్మిదా అన్నది కాదు, ఆ ఎడం ముఖ్యం.

పేకాట దగ్గర తొమ్మిదింటికి తాగే కాఫీ సంగతి ఎవరూ ఎత్తలేదు. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మద్యం కూడా అంతే. తొందరగా నిద్ర పట్టిస్తుంది, మళ్ళీ తెల్లవారుజామున అదే లేపేస్తుంది. మధ్యాహ్నం అరగంట కునుకు మంచిదే. సాయంత్రం దాకా పడుకుంటే రాత్రి నిద్ర రాదు.

ఓరుగల్లు వదిన:
ఎనిమిదికి తినాలా, పదికి తినాలా అని వాదించుకుంటున్నారు. వండేవాళ్ళు ఎన్నింటికి తింటున్నారో ఒక్కరూ అడగలేదు. సకినాలు చేసే రోజు చూడండి. నేల మీద తెల్లటి గుడ్డ పరిచి, నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్ళ సందున మెలితిప్పుతూ వరస మీద వరస చుట్టాలి. కాస్త ఆరాక వేయించాలి. నడుం పట్టేసి లేచేసరికి రాత్రి వంట మొదలు. మగవాళ్ళు, పిల్లలు, చుట్టాలు తిన్నాక మిగిలింది మాకు. గిన్నెలు సర్ది పడుకునేసరికి పన్నెండు దాటుతుంది. తెల్లారకముందే వాకిట్లో ముగ్గు పడాలి. మీకు మంట వల్ల నిద్ర లేదు, మాకు అసలు టైమే లేదు.

మా ఇంట్లో పద్ధతి మార్చాం. గారెలు, మాంసం, తీపి అన్నీ మధ్యాహ్నమే. రాత్రికి పెసరపప్పు పులగం, చారు, పెరుగు. గిన్నెలు మధ్యలో పెట్టి ఎవరికి వాళ్ళు వడ్డించుకుంటారు, ఆడవాళ్ళు కూడా మొదటి పంక్తిలోనే కూర్చుంటారు. బస్సు దిగి ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఆ పులగమే వేడి చేసి పెడతాం. అల్లుడుగారూ, టైము మార్చమని మీ అత్తగారికి చెప్పకండి. కూరలు తగ్గించమనండి, వడ్డన మీరు అందుకోండి.

పాలకొల్లు పెద్దన్న:
వదినగారూ, వడ్డన మాట ఒప్పుకుంటున్నాను, అది మగవాళ్ళు చెయ్యాల్సిందే. కానీ కనుమ రాత్రి నాటుకోడి పులుసు లేకుండా పులగం అంటే మా ఇంట్లో కుదరదు. దూరం నుంచి వచ్చిన పిల్లలు దానికోసమే ఎదురుచూస్తారు.

రాత్రి డ్యూటీ:
తినండి, అయితే గారెలు మధ్యాహ్నానికి మార్చండి. పులుసు, గారెలు, పైన అరిసె మూడూ రాత్రే పడితే బరువు. తిన్న వెంటనే మంచం ఎక్కకుండా అరుగు మీద కబుర్లు చెప్పుకోండి. మంట ఉన్నవాళ్ళు ఎడమ వైపు తిరిగి పడుకుంటే కొంత నయం.

నెల్లూరు చెల్లి:
అక్కా, మా అమ్మకి షుగర్. సాయంత్రం రెండు అరిసెలు తిని, లెక్క సరిపోతుందని రాత్రి అన్నం మానేస్తుంది. మాత్ర మాత్రం వేసుకుంటుంది. మూడింటికి చెమటలు పట్టి లేస్తోంది.

రాత్రి డ్యూటీ:
చెల్లీ, అది షుగర్ పడిపోవడం కావచ్చు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రగానీ, ఇన్సులిన్ గానీ వాడుతూ భోజనం మానేస్తే అలా జరుగుతుంది. ఈసారి లేస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి, పావుగంటకి మళ్ళీ చూడండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మాత్ర మోతాదు సొంతంగా మార్చకండి. పండగకి ముందే, ఈ వారమే డాక్టరుగారికి చూపించండి. మాత్ర పేరేమిటో ఇక్కడ రాస్తారా?