మచ్చ గట్టిపడటంలో సీసీఎన్2 జన్యువు పాత్ర ఏమిటి?

అమలాపురం విద్యార్థిని: కొబ్బరికాయలు వలుస్తుండగా గునపం దిగి మా నాన్నగారి అరచేతికి అయిన గాయం మానినా, అక్కడి చర్మం తాడులా బిగిసి వేళ్లు పూర్తిగా చాపనివ్వడం లేదు. దీనికి సీసీఎన్2 జన్యువే కారణమని చదివాను. నిజమేనండీ?

కాకినాడ అధ్యాపకుడు: దాన్నొక్కదాన్నే దోషిని చేయడం సరికాదమ్మా. 6వ క్రోమోజోముపై ఉన్న ఈ జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీన్ కణం బయటికి వచ్చి, కణాల పైపొరలోని ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లనూ, చుట్టూ ఉండే జిగురులాంటి ప్రోటీన్ ఫైబ్రోనెక్టిన్‌నూ పట్టుకోవడం వల్ల ఫైబ్రోబ్లాస్టులు అనే, కణజాలాన్ని అల్లే కణాలు గాయం చోట నిలదొక్కుకుని కొల్లాజెన్ అనే నారలాంటి ప్రోటీన్‌ను పేరుస్తాయి. గాయమైనప్పుడు టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ ఈ జన్యువును ప్రేరేపిస్తుంది; గాయం మూసుకున్నాక ఆ జోరు తగ్గాలి. తగ్గకపోతేనే చిక్కు.

రాజోలు పాఠకుడు: కణాలు లాగుడుకు గురైనా, యాప్ అనే ప్రోటీన్ ద్వారా ఇదే జన్యువు చురుకవుతుంది. అంటే బిగిసిన మచ్చ మరింత బిగిసేందుకు తానే దారి వేసుకుంటుంది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే.

అమలాపురం విద్యార్థిని: మరి ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే మందు లేదా?

కాకినాడ అధ్యాపకుడు: పామ్రెవ్లుమాబ్ అనే ప్రతిరక్షకాన్ని ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బు ఫైబ్రోసిస్‌పై ప్రయోగించారు కానీ, 2023లో మూడో దశ పరీక్షలో అది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. నాన్నగారి చేతిని మాత్రం ఆలస్యం చేయకుండా చేతి శస్త్రవైద్యునికి చూపించండి.