మర్దానాయా, మగ ఘోషాయా?

అరసున్న: బెంగాలీ రచయిత్రి రొకేయా సఖావత్ హుస్సేన్ కథ ‘సుల్తానా కల’కు ఎన్నడో చదివిన తెలుగు అనువాదంలో, స్త్రీల రాజ్యంలో మగవారిని ఉంచిన చోటును ‘మర్దన’ అని అచ్చువేసినట్టు గుర్తు. అది అచ్చుతప్పా, కావాలని చేసిన శ్లేషా?

పదవేటగాడు: శ్లేష కాదండీ, దీర్ఘం జారిపోయింది. పారశీకంలో ‘జన్’ అంటే స్త్రీ, ‘మర్ద్’ అంటే పురుషుడు. వాటికి ‘ఆనా’ చేరి జనానా (ఇంట్లో ఆడవారి భాగం), మర్దానా అయ్యాయి. అయినా మనవారికి తెలియని మాట ఎందుకు? ఆడవారి పరదాను ఘోషా అంటాము కదా, ‘మగ ఘోషా’ అంటే సరిపోతుంది.

జల్లెడ: ‘ఘో’ కాదు, ‘గో’. పారశీకంలో ‘గోషా’ అంటే మూల. మనం దానికి ఒత్తు తగిలించి, నోరెత్తకూడని ఆ మూలను సంస్కృతపు ‘ఘోష’గా, అంటే పెద్ద చప్పుడుగా మార్చుకున్నాము.

పదవేటగాడు: విశాఖపట్నంలో ఘోషాసుపత్రి అని జనం నోట స్థిరపడిన ఒత్తును ఇప్పుడు ఎవరు విప్పుతారు?

తాళపత్రం: ఒత్తు ఉన్నా లేకున్నా, ‘మగ ఘోషా’ అంటే కథలోని దెబ్బ తగలదు. మర్దానా అన్నది రొకేయా పుట్టించిన మాట కాదు. జనానా ఉన్న ఇంట్లో మగవారు మసలే భాగానికి అప్పటికే ఉన్న పేరు. ఆమె పేరును అలాగే ఉంచి గడియను మాత్రం బయటికి మార్చింది. ఎండతో వంట, మబ్బుల నుంచి నీరు తోడే బెలూను, రోజుకు రెండు గంటల కొలువు, ఇంత దూరం ఊహించిన ఆమె ఆ భవిష్యత్తుకు పునాదిని మాత్రం తాను పెరిగిన ముస్లిం ఇంటిలోనే తవ్వింది. భర్త చదివి ‘భయంకరమైన ప్రతీకారం’ అన్నది అందుకేనని నేననుకుంటాను.

పదవేటగాడు: 1905లో ఆ కథను మద్రాసులో ప్రచురించిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన తెలుగింటి ఆడపడుచే కనుక, ఆ సంచిక విజయనగరం చేరి గురజాడవారి ‘లవణరాజు కల’కు ప్రేరణ అయిందేమోనని నాకొక అనుమానం.

జల్లెడ: లవణుని కథ యోగవాసిష్ఠంలోనే ఉండగా గురజాడవారికి మద్రాసు పత్రికతో పనేమి, మాస్టారూ? పైగా కలలో లవణుడు తానే మరొకడవుతాడు. సుల్తానా మారదు, ఆమె చుట్టూ ఉన్న వీధి మారుతుంది. ముసుగు లేక బెరుకుగా నడుస్తున్న ఆమెను చూసి అక్కడి స్త్రీలు ‘మగవారిలా ఉంది’ అంటారు. మగవారిలా సిగ్గరి, పిరికి అని వారి భావం. మన ‘మగరాయుడు’కు నేరుగా ఎదురైన అర్థం. అరసున్నగారూ, మీరు చదివిన అనువాదంలో ఆ చోట ఏ మాట వేశారో చెప్పండి.

అరసున్న: ‘మగరాయుడిలా’ అనే వేసినట్టు గుర్తండీ. కానీ ‘మర్దన’ దగ్గర ఇంత జరిగాక, నా జ్ఞాపకం మీద నాకే నమ్మకం పోయింది.