డర్బన్‌లో మొదటి క్రిస్మస్: కొత్తగా వస్తున్న సేవకుల దంపతులకు

ప్రశ్న:
అందరికీ వందనాలు. మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. సంఘ సేవ కోసం నేను, మా ఆవిడ నవంబర్ ఆఖరుకు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దిగుతున్నాం. దిగగానే క్రిస్మస్ సీజన్. సెమీ క్రిస్మస్, క్యారల్స్ రౌండ్లు అక్కడ ఎలా పెడతారు? స్వెటర్లు, సామాన్లు ఏం తెచ్చుకోవాలి? పెద్దలు చెప్పగలరు.

చాట్స్‌వర్త్ (డర్బన్‌లో ఒక పేట) నుంచి ఒక అన్న:
తమ్ముడూ, వందనాలు. స్వెటర్లు ఊళ్ళోనే వదిలేసి రా. డిసెంబర్ అంటే ఇక్కడ నడి వేసవి, తెల్లవారి ఐదయ్యేసరికే ఎండ, రాత్రి ఏడు దాకా వెలుగు, ఇక ఉక్కపోత కూడా బాగా ఉంటుంది. కోటు, టై వేసుకుని వాక్యం చెబుదామనుకుంటే పది నిమిషాల్లో తడిసిపోతావు. పలచటి కాటన్ చొక్కాలు తెచ్చుకో, సాయంత్రాలు ఉరుములతో వాన పడుతుంది కాబట్టి గొడుగు కూడా.

సెమీ క్రిస్మస్ వద్దనను, తేదీ మాత్రం చూసి పెట్టు. డిసెంబర్ రెండో వారానికల్లా బడులకు పెద్ద సెలవులు వచ్చేస్తాయి, 16న రికన్సిలియేషన్ డే సెలవు, ఆ చుట్టుపక్కలే ఫ్యాక్టరీలూ కట్టుబడి పనులూ ఆపేస్తే మళ్ళీ జనవరిలోనే తెరుస్తారు. అప్పటినుంచి మన సంఘంవాళ్ళలో కొంతమంది జొహన్నెస్‌బర్గ్ బంధువుల ఇళ్ళకు వెళ్తారు, మిగతావాళ్ళ ఇళ్ళకు జొహన్నెస్‌బర్గ్ బంధువులు సముద్రం కోసం దిగుతారు. 20వ తేదీన ప్రోగ్రాం పెడితే కుర్చీలు ఖాళీ, నీకేమో మనసు పాడు. ఏం చేసినా మొదటి వారంలోనే కానిచ్చెయ్. మనూళ్ళో లాగా డప్పులు వాయిస్తూ అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరగడం కుదరదు, ప్రతి ఇంటికీ గేటు, అలారం, కుక్క. ముందే ఫోన్ చేసి నాలుగైదు ఇళ్ళు పెట్టుకుని చీకటి పడేలోగా ముగించుకోవాలి. ముసలివాళ్ళున్న ఇళ్ళకు మాత్రం తప్పకుండా వెళ్ళు, ప్రోగ్రాంల కన్నా అదే ముఖ్యమని నా అభిప్రాయం.

నెల్లూరు అన్నావు కాబట్టి ఒక మాట. చెరకు తోటల్లోకి, తేయాకు తోటల్లోకి కూలీలుగా వచ్చిన మన తెలుగువాళ్ళ కోసం 1903లో జాన్ రంగయ్యగారిని ఇక్కడికి పంపింది నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులే. డర్బన్‌కు ఉత్తరాన కియర్స్‌నీ తేయాకు తోటల దగ్గర ఆయన సంఘం మొదలుపెట్టారు. ఇప్పటి మనవలు, మునిమనవలు ఇంగ్లీషులోనే మాట్లాడతారు, ఇంటిపేరు నాయుడూ, రెడ్డీ అయినా తెలుగు రాదు. కాబట్టి ప్రసంగం ఇంగ్లీషులో సిద్ధం చేసుకో. పాత కీర్తనలు మాత్రం రెండు తెలుగులో పాడు, ఎవరో ఒక నాన్నమ్మ గొంతు కలుపుతుంది చూడు.

ఫీనిక్స్ (ఇదీ డర్బన్ పేటే) నుంచి ఒక అమ్మగారు:
అయ్యగారి సంగతి అన్న చెప్పారు, నేను అమ్మాయికి చెబుతాను. అమ్మా, కరివేపాకు మూట కట్టుకుని రావద్దు, ఇక్కడ మనవాళ్ళ పెరళ్ళలో చెట్లే ఉన్నాయి. కారం కూడా విక్టోరియా స్ట్రీట్ మార్కెట్‌లో దొరుకుతుంది, కానీ అక్కడ అత్తగారి పేరు పెట్టి అమ్మే కారం ఒకటుంది, మొదటిసారి పావు చెంచాతో ఆపు. విత్తనాలు, నెయ్యి, ఎండుచేపలు సూట్‌కేసులో పెట్టొద్దు, ఎయిర్‌పోర్టులో గొడవ. మిక్సీ, కుక్కర్ తెచ్చుకోవచ్చు, ఇక్కడి ప్లగ్ మన ఏసీకి, గీజర్‌కి వాడే పెద్ద గుండ్రటి మూడు పిన్నుల రకమే, చిన్న పిన్నులకు అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

టైము తేడా మూడున్నర గంటలు. మీ ఊళ్ళో 24 అర్ధరాత్రి ఆరాధన మొదలయ్యేది ఇక్కడి రాత్రి ఎనిమిదిన్నరకు, అమ్మావాళ్ళకు అప్పుడు వీడియో కాల్ పెట్టుకోండి, ఇక్కడ ఆరాధన 25 ఉదయం కాబట్టి ఇబ్బంది లేదు. అసలు కష్టం ఆ మధ్యాహ్నం. గుడి నుంచి అందరూ గబగబా ఇళ్ళకు పోతారు, ఆ రోజు భోజనం కుటుంబంతోనే, బిర్యానీ, మటన్ కూర, చివర్లో ట్రైఫిల్ అనే కేకు, కస్టర్డ్ పొరల తీపి. మీ ఇద్దరూ అద్దె ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోకండి. ఎవరైనా భోజనానికి పిలిస్తే మొహమాటపడకుండా ఒప్పుకోండి, ఒక్క ఇంటికే ఒప్పుకోండి, మూడిళ్ళకు సరే అంటే మూడిళ్ళవాళ్ళూ నొచ్చుకుంటారు. వెళ్ళేటప్పుడు రోడ్డు పక్కన లిచీ పళ్ళు అమ్ముతుంటారు, అప్పుడే వాటి సీజన్, ఒక సంచి తీసుకెళ్తే చాలు. అయ్యగారు 26న కూడా మీటింగ్ పెడతానంటే ఒప్పుకోవద్దమ్మా, ఆ రోజు గుడ్‌విల్ డే అనే సెలవు, ఊరంతా బీచ్‌లోనే ఉంటుంది, మీరూ వెళ్ళండి.

టోంగాట్ (డర్బన్‌కు ఉత్తరాన ఉన్న ఊరు) నుంచి ఒకరు:
భద్రత సంగతి ఎవరూ రాయలేదు. షాపింగ్ మాల్‌లో కారు లాక్ చేశాక తలుపు చేత్తో లాగి చూసుకోండి, రిమోట్ సిగ్నల్‌ను అడ్డుకునే దొంగలుంటారు, డిసెంబర్‌లో మరీ ఎక్కువ. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బ్యాగు ఒళ్ళో పెట్టుకోవద్దు, డిక్కీలో వేయండి. ఏటీఎంలో ఎవడైనా సాయం చేస్తానంటే కార్డు తీసుకుని వచ్చేయండి. పోలీసు నంబరు 10111, అంబులెన్సు 10177. డర్బన్‌లో మలేరియా లేదు, మొజాంబిక్ సరిహద్దు వైపు సేవకు వెళ్తే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి. రోజూ వేసుకునే మందులుంటే క్రిస్మస్‌కు ముందే కొనిపెట్టుకోండి, చాలామంది డాక్టర్లు సెలవులో ఉంటారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నయ్యా, అమ్మగారూ. స్వెటర్లు తీసేశాం. డబ్బు విషయం కూడా చెప్తారా?

చాట్స్‌వర్త్ అన్న:
అది అడిగి మంచి పని చేశావు. డిసెంబర్‌లో చాలా చోట్ల జీతం పండుగకు ముందే ఇచ్చేస్తారు, కొందరికి బోనస్ కూడా, కానుకలు బాగానే వస్తాయి, అది చూసి ఖర్చు పెట్టేశావంటే జనవరి దాటడం కష్టం. ఇక్కడ బడి సంవత్సరం మొదలయ్యేది జనవరిలోనే, యూనిఫారాలకీ పుస్తకాలకీ అందరి జేబులూ ఖాళీ అయిపోతాయి, ఆ నెల కానుక పెట్టె తేలికగా ఉంటుంది, వాళ్ళను తప్పు పట్టకు. రెండు నెలల అద్దె పక్కన పెట్టుకో. ప్రీపెయిడ్ కరెంటు ఇల్లయితే 24వ తేదీకి ముందే టోకెన్ (రీచార్జ్ నంబరు) కొని మీటర్‌లో నొక్కెయ్. చెత్త బండివాళ్ళు గేటు దగ్గరికొచ్చి క్రిస్మస్ బాక్స్ అని అడుగుతారు, కంగారు పడకు, మన పండగ మామూలు లాంటిదే. కొద్దిగా చిల్లర నోట్లు ఇంట్లో ఉంచుకో. దిగే తేదీ, విమానం నంబరు నాకు విడిగా మెసేజ్ పెట్టు, ఎవరో ఒకరం ఎయిర్‌పోర్టుకి వస్తాం.