కుక్క కాటు: టీకా వేశాక గాయంలో మళ్ళీ సూదులెందుకు?

ప్రశ్న (కృష్ణలంక, విజయవాడ): నమస్కారమండీ. నిన్న సాయంత్రం మా బాబుని వీధికుక్క పిక్క మీద కరిచింది, రక్తం వచ్చింది. ఆసుపత్రిలో భుజానికి టీకా వేసి, గాయం చుట్టూ కూడా సూదులు గుచ్చారు. వాడి ఏడుపు చూడలేకపోయాను. టీకా వేశాక ఇవెందుకని మా అత్తయ్యగారు అడుగుతున్నారు. నిజంగా అవసరమా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు): చాలా అవసరమమ్మా. మంచిపని చేశారు. రేబిస్ వైరస్ కణానికి అతుక్కోకుండా లోపలికి పోవడం కుదరదు. దాని ఒంటినిండా ప్రోటీన్ ముళ్లుంటాయి. నరం వచ్చి కండరాన్ని కలిసేచోట ఎసిటైల్‌కోలిన్ రిసెప్టార్లుంటాయి. కాలు కదపమని నరం పంపే కబురు కండరం అందుకునేది వాటితోనే. వైరస్ ముల్లు పట్టుకునే వాటిలో ముఖ్యమైనవి అవే. అది అతుక్కోగానే కణం తన పొరను లోపలికి మడిచి, వైరస్‌ని చిన్న సంచిలో చుట్టి మింగేస్తుంది. సంచిలో ఆమ్లం పెరిగేకొద్దీ ముల్లు ఆకారం మారి, వైరస్ పొరనీ సంచి పొరనీ ఒకటి చేస్తుంది. అప్పుడు వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యుపదార్థం, కణంలోకి వచ్చేస్తుంది. ఫ్లూ వైరస్ పట్టుకునే రిసెప్టార్ వేరే గానీ, దూరే తీరు దాదాపు ఇదే.

నరంలోకి చేరితే వెన్నుపాముకి, మెదడుకి ఎక్కుతుంది. లక్షణాలు మొదలయ్యాక బతికినవాళ్లు బహు అరుదు. టీకాతో ఒంట్లో యాంటీబాడీలు, అంటే వైరస్‌ని అడ్డుకునే ప్రోటీన్లు, తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ లోపు కాపాడేది గాయంలో వేసిన ఇమ్యునోగ్లోబ్యులినే. అవి సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు, ముళ్లని కప్పేసి అతుక్కోనివ్వవు. వైరస్ ఉండేది గాయంలోనే కాబట్టి అక్కడే గుచ్చాలి.

ప్రశ్న (తెనాలి): మా వైపు కుక్క కరిస్తే కారం, సున్నం పెడతారండీ. పనిచేస్తాయా?

జవాబు: దయచేసి పెట్టనివ్వకండి. పుండు ఇంకా రేగుతుంది. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుది, ముళ్లు పాతుకున్నదీ ఆ పొరలోనే. సబ్బు దాన్ని చీల్చేస్తే అతుక్కోవడానికి ఏమీ మిగలదు. కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న (కృష్ణలంక): మిగతా డోసులు ఎప్పుడండీ? వాడు సూదంటేనే వణికిపోతున్నాడు.

జవాబు: చర్మంలో వేసే పద్ధతైతే మొదటిరోజుని 0గా లెక్కేసి 3, 7, 28వ రోజుల్లో, కండరంలోకైతే 14వ రోజున ఇంకోటి. మీ చీటీలో ఏది రాశారో చూసుకోండి. గాయంలో గుచ్చేది మళ్ళీ ఉండదని బాబుకి ఇప్పుడే చెప్పండి.