మణికట్టు పట్టు విడిపించుకోవడం నాకెందుకు రావడం లేదు?

హనుమకొండలో ఉంటాను, వయసు 38. రాత్రిపూట కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి ఇంటికి రావలసిన ఉద్యోగం. అందుకే రెండు నెలలుగా జుజుత్సు అనే జపాన్ ఆత్మరక్షణ విద్య నేర్చుకుంటున్నాను. మొదటి మూడు వారాలూ పడటమే నేర్పారు: గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చేతులతో చాపను చరుస్తూ వెనక్కి పడాలి. అది వచ్చేసింది. డబ్బులిచ్చి పడటం నేర్చుకోవడమేమిటని మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతారు.

చిక్కంతా మణికట్టు దగ్గరే. పట్టుకున్నవారి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య సందే బలహీనమైన చోటు. చేతిని అటు తిప్పి, నా మోచేతిని వారి మోచేతి వైపు తోస్తూ బయటకు లాగాలన్నారు. తరగతిలో వస్తుంది. ఇంట్లో మా తమ్ముడు గట్టిగా పట్టుకుంటే మాత్రం చెయ్యి కదలదు! భుజబలంతో లాగుతున్నానా, అడుగు ముందుకు వేయడం మరిచిపోతున్నానా?

ముందుగా పట్టుకున్నవారి కాలు తొక్కి దృష్టి మళ్లించాలని ఒకరు, అరిచి గోల చేయాలని ఇంకొకరు అంటున్నారు. మీ అనుభవంలో ఏది పనిచేసింది? వరంగల్ వైపు మహిళలకు విడిగా, ఉదయం పూట నేర్పేవారెవరైనా ఉన్నారా? మోకాలు నొప్పి ఉంది, ఎత్తుకు తన్నడాలు నావల్ల కావు.