గ్రేట్ బేసిన్‌లో చుక్కల రాత్రి: అమ్మానాన్నలను తీసుకెళ్లాలా, వద్దా?

లేపాక్షి_బసవన్న: మేం సాల్ట్ లేక్ సిటీలో ఉంటాం. అమ్మానాన్న హిందూపురం నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కు మాకు కారులో నాలుగు గంటలు. 2016లో దానికి డార్క్ స్కై పార్కు (రాత్రి ఆకాశం బాగా చీకటిగా ఉండే చోటు) గుర్తింపు వచ్చింది. వీలర్ పీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు టెంటు వేసి వాళ్లకు పాలపుంత చూపించాలని ఉంది. 2026 జూలై 14 అమావాస్యకు వెళ్లాలా, సెప్టెంబర్ 11కా? అమావాస్య ప్రయాణమంటేనే అమ్మ వద్దంటోంది. నాన్నకు 68, బీపీ మాత్ర వేసుకుంటారు.

పాలపుంత_వేట: జూలైయే. అర్ధరాత్రి ప్రాంతంలో ధనుస్సు రాశి సరిగ్గా దక్షిణాన ఉంటుంది, పాలపుంత నడిబొడ్డు అక్కడే. సెప్టెంబర్‌లో చీకటి పడేసరికే అది పడమటికి జారుతుంటుంది. పార్కులో మనం తిరిగే భాగమంతా కొండకు తూర్పు వాలులో ఉంది. పడమర ఆకాశాన్ని కొండే మింగేస్తుంది.

కోనసీమ_కోడలు: సెప్టెంబర్‌లోది పోలాల అమావాస్య. అమ్మగారికి ఆ రోజు పూజ ఉంటుందేమో అడగండి. వెంటనే వినాయక చవితి కూడా.

ఎర్రలైటు: అమావాస్య నాడే వెళ్లాలని ఎవరన్నారు? ముందు రెండు మూడు రోజుల్లో నెలవంక తెల్లవారుజామున గానీ రాదు. తర్వాత విదియ, తదియల్లో చీకటి పడగానే దిగిపోతుంది. సెప్టెంబర్ 12 శనివారం బయల్దేరితే అమ్మగారి మాటా నిలుస్తుంది, ఆకాశమూ దక్కుతుంది.

పాలపుంత_వేట: 12న వెళ్లినా నడిబొడ్డు పడమటికి జారడం మారదు కదా! 39 డిగ్రీల అక్షాంశంలో అది ఎప్పుడూ దిగంతం నుంచి 22 డిగ్రీలకు మించి పైకి రాదు. హిందూపురంలో అంతకు రెట్టింపు ఎత్తున కనిపిస్తుంది. ఇక్కడ ఉన్న కాస్త ఎత్తునూ వదులుకోవద్దు.

మెట్టపొలం: నెల సంగతి తర్వాత. ఆ క్యాంప్‌గ్రౌండ్ ఎత్తు దాదాపు 9,900 అడుగులు. 8,000 దాటితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. బీపీ ఉన్న పెద్దాయన్ని టెంటులో పడుకోబెడతారా?

ఎర్రలైటు: సాల్ట్ లేక్ కూడా 4,200 అడుగుల పైనే. నెలల తరబడి అక్కడ ఉన్నవాళ్లకు కొంత అలవాటవుతుంది.

మెట్టపొలం: కొంత! ఆ కొంతను నమ్మి మా అమ్మను కొలరాడోలో ఒక కొండ మీదికి తీసుకెళ్లాను. రాత్రి రెండింటికి ఊపిరి ఆడటం లేదంది. ఫోన్ సిగ్నల్ లేదు. వంకరల రోడ్డులో ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని కారు నడిపాను. గ్రేట్ బేసిన్‌లోనూ ఆ 12 మైళ్ల ఘాట్ రోడ్డు రాత్రిపూట దిగాలి. దిగాక ఆసుపత్రి ఉన్న ఈలీ ఊరు చేరడానికి మరో గంటకు పైనే.

పాలపుంత_వేట: జూలైలో రాత్రులు అంత చలిగా ఉండవు. అందుకే జూలై అంటున్నాను.

మెట్టపొలం: నేను ఊపిరి గురించి మాట్లాడుతుంటే మీరు ఇంకా జూలై అంటున్నారు! మీకు కావాల్సింది ఫొటో. మన సరదాల కోసం పెద్దవాళ్లను లాక్కెళ్లకండి.

పాలపుంత_వేట: ఫొటో కాదండీ. మా నాన్న రెండుసార్లు వచ్చారు. మోకాళ్లు, చలి, ఇన్సూరెన్స్ అంటూ రెండుసార్లూ అపార్ట్‌మెంట్‌లోనే ఉంచాం. ఉదయం మేం ఆఫీసుకు, పిల్లలు బడికి. ఆయన సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చునేవారు. వచ్చే ఏడాది జూలైలో వెళ్దామన్నాను. ఆ ఏడాది రాలేదు. ఆరు నెలలు నాలుగు గోడల మధ్య భద్రంగా ఉంచి పంపడమే ప్రేమ అంటే నేను ఒప్పుకోను.

మెట్టపొలం: మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు, బాధగా ఉంది. కానీ మా అమ్మ ఆ రాత్రి తర్వాత మళ్లీ అమెరికా రానంది. ఇప్పటికీ రాలేదు. నేను ఆ భయంతోనే చెబుతున్నాను.

కోనసీమ_కోడలు: ఇద్దరూ కాస్త నెమ్మదించండి. మీరిద్దరూ చూపించాలనే అనుకున్నారు.

ఎర్రలైటు: పడుకోవడం ఒకచోట, చూడటం ఒకచోట పెట్టుకోండి. పార్కు కింద బేకర్ అనే చిన్న ఊరుంది, 5,300 అడుగులు. గది అక్కడ తీసుకోండి. బయట మైదానంలో కుర్చీ వేసుకుంటే కొండ దూరంగా ఉంటుంది కాబట్టి పడమర కూడా తెరుచుకుంటుంది. జూలైలో పూర్తి చీకటికి రాత్రి పది అవుతుంది, సెప్టెంబర్‌లో ఎనిమిదిన్నరకే. పెద్దవాళ్లకు ఆ గంటన్నర పెద్ద తేడా. పదిన్నరకల్లా తూర్పున పిల్లలకోడి (కృత్తిక నక్షత్రాల గుంపు) కూడా పైకొస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట ఇవ్వండి, ఫోన్ తెరవనివ్వకండి.

మెట్టపొలం: బేకర్‌లో గది అయితే నాకు అభ్యంతరం లేదు. ముందు డాక్టర్‌ని అడగండి.

పాలపుంత_వేట: సెప్టెంబర్‌కు నేను ఇంకా ఒప్పుకోలేదు. కానీ తీసుకెళ్లండి.

లేపాక్షి_బసవన్న: టెంటు ఆలోచన మానేశాను. పిల్లలకోడి మాట నాన్నకు చెప్పాను. చిన్నప్పుడు వేరుశనగ కళ్లం దగ్గర కాపలా పడుకుని, అది నడినెత్తికి వచ్చేదాకా మేలుకునేవాడట. అమ్మ మాత్రం చవితి పూజకు ఇంట్లో ఉండాల్సిందే అంటోంది. 12న వెళ్లి 13 మధ్యాహ్నానికి తిరిగొస్తే ఒక్క రాత్రే. ఆ రాత్రి మబ్బు పడితే ఏం చేయను?

కోనసీమ_కోడలు: పత్రి, ఉండ్రాళ్ల పిండి ముందు రోజే సిద్ధం చేసుకోమనండి. మందపాటి దుప్పట్లు నాలుగు పెట్టుకోండి.