జెర్సీ సిటీలో చదరంగం: ఎవరితో ఆడితే ఆట పెరుగుతుంది?

కందుకూరు నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థి:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు. చదువు కోసం ఈమధ్యే జెర్సీ సిటీ వచ్చాను. ఊళ్లో సాయంత్రాలు అరుగు మీద పెద్దవాళ్లతో చదరంగం ఆడేవాడిని, చాలాసార్లు నాదే పైచేయి. ఇక్కడ గదిలోని మిత్రులకు పావుల నడక తప్ప ఏమీ తెలియదు. న్యూయార్కు పార్కుకు వెళితే మాత్రం నిమిషాల్లో ఓడిపోతున్నాను. ఎవరితో ఆడాలో చెప్పండి.

కావలి అక్క, ఎడిసన్:

తమ్ముడూ, నీకన్నా బలమైనవాళ్లూ, నీ గది మిత్రులూ నీకు ఇద్దరూ కావాలి. ఒక్కొక్కరి దగ్గర నేర్చుకునేది ఒక్కొక్కటి.

అరుగు మీద ఏళ్ల తరబడి ఆడినవాళ్ల అలవాట్లు నీకు కొట్టినపిండి. పక్కన నిలబడినవాళ్లు ఎత్తులు అందిస్తారు కూడా. ఇక్కడ మూడో మనిషి నోరు విప్పకూడదు. ముట్టుకున్న పావునే కదపాలి, కదిపిన చేతితోనే గడియారం నొక్కాలి. మన వైపు కొన్ని ఇళ్లలో బంటు మొదట ఒక్క గడే నడుస్తుంది, రాజు ఒకసారి గుర్రంలా దూకుతాడు. ఇక్కడ బంటు మొదటి ఎత్తులో రెండు గడులు పోవచ్చు, రాజుకు దూకుడు బదులు కాస్లింగ్ ఉంటుంది, అంటే ఒకే ఎత్తులో రాజు ఏనుగు వైపు రెండు గడులు జరిగితే ఏనుగు రాజుకు అవతలి పక్కకు వస్తుంది. వాషింగ్టన్ స్క్వేర్ పార్కు బల్లల దగ్గర చాలామంది డబ్బుకే ఆడతారు కాబట్టి కూర్చోకముందే ఆటకు ఎంతో అడుగు.

ఇక బలాబలాలు. ఆటగాడి బలాన్ని రేటింగ్ అనే అంకెలో చూపే ఎలో లెక్క ప్రకారం నీకన్నా 200 రేటింగ్ ఎక్కువ ఉన్నవాళ్లతో 100 ఆటలాడితే నీకు దాదాపు 24 పాయింట్లు వస్తాయి. 400 ఎక్కువైతే 9 దగ్గరే ఆగిపోతావు. నన్నడిగితే మొదటివాళ్లనే వెతుక్కో. వాళ్లు నీ తప్పును వదలరు, అయినా ఆట చాలా దూరం సాగుతుంది, ఎక్కడ చెడిందో నీ కంటికి ఆనుతుంది. మరీ బలవంతులతో పన్నెండో ఎత్తుకే ఊపిరాడదు, కారణమూ అంతుపట్టదు. అలాంటి ఆటలు అప్పుడప్పుడు చాలు.

ఎవరితో ఆడినా ఎత్తులు రాసుకో. ఆట అయ్యాక కంప్యూటర్ తెరవకముందే ఎదుటివారిని అడుగు: “ఇక్కడ మీరేం ఆలోచించారు?” ఉదాహరణకు, కాస్లింగ్ చేసి రాజును మూలకు చేర్చావు, ముందున్న మూడు బంట్లూ కదల్లేదు. చివరి వరుసలో కాపలా ఉన్న ఏనుగును ఒక బంటు కోసం పైకి పంపావు. అవతలి ఏనుగు ఆ వరుసలోకి దిగింది, ఆట కట్టు. ఆ ఎత్తు తప్పని కంప్యూటర్ చూపిస్తుంది. ఆడినవాడైతే, నీ మూడు బంట్లూ కదలకపోవడం ముందే గమనించానని, ఏనుగును అక్కడి నుంచి లాగడానికే ఆ బంటును ఎరగా వదిలానని చెబుతాడు. అంచు బంటును ముందే ఒక్క గడి జరిపి ఉంటే రాజుకు తప్పించుకునే దారి ఉండేది. ఈ ఆలోచన వరస నీకు దొరకాలి. అందుకే, గెలిచి వెంటనే లేచిపోయేవాడికన్నా పది నిమిషాలు కూర్చుని మాట్లాడేవాడు నీకు ఎక్కువ మేలు చేస్తాడు.

మిత్రులను వదిలిపెట్టకు. నీ మంత్రినో ఏనుగునో తీసేసి ఆడు, ఆట సమానమవుతుంది. పూర్తి పావులతో ఆడితే, ఆధిక్యం రాగానే బంట్లను ఉంచి మిగతా పావులను మార్పిడి చేసుకుంటూ శుభ్రంగా ముగించడం సాధన చెయ్యి. గెలుపు దగ్గర్లో ఎదుటి రాజుకు చెక్ లేకుండా, వేయడానికి ఏ ఎత్తూ మిగలకుండా చేస్తే అది డ్రా. తొందరపడి చేజార్చుకునేది అక్కడే. వాళ్లు చూడరులే అని వల వేయడం మాత్రం వద్దు. అది అలవాటైతే బలవంతుల ముందూ చెయ్యి అటే పోతుంది.

ఒంగోలు అన్న, జెర్సీ సిటీ:

అక్క మాటకు ఒకటి కలుపుతాను. అయిదు నిమిషాల ఆటలు తగ్గించు తమ్ముడూ. ఆలోచించే వ్యవధి లేని ఆటలో పాత అలవాట్లే గట్టిపడతాయి. ఒక్కొక్కరికి కనీసం అరగంట ఉండే ఆటలు వెతుక్కో. 1915లో మొదలైన మార్షల్ చెస్ క్లబ్ మాన్‌హట్టన్ పదో వీధిలో ఉంది. జెర్సీ సిటీ నుంచి మాన్‌హట్టన్ వెళ్లే పాత్ (PATH) రైలు ఎక్కి తొమ్మిదో వీధి స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లవచ్చు. రేటింగ్ పోటీల్లో ఆడాలంటే అమెరికా చదరంగ సమాఖ్య సభ్యత్వం తీసుకోవాలి. ఖర్చు వద్దనుకుంటే లిచెస్ అనే వెబ్‌సైట్‌లో నిదానమైన ఆటలు ఉచితంగా ఆడవచ్చు.

ఈ వారం ఓడిపోయిన ఆట ఒకటి ఎత్తులతో సహా ఇక్కడ పెట్టు. ఏ ఎత్తు దగ్గర ఏమనుకున్నావో పక్కనే రాయి. అక్కా నేనూ చూసి చెబుతాం.